పాత డిస్కు – కొత్త కంప్యూటరు

నేడు అనేక గృహములలో బీరువా అడుగు అరలో అరచేయి వెడల్పుగల నల్లని పెట్టె యొకటి కనబడుచుండును. పది పదునైదు సంవత్సరముల క్రిందట కొన్న ఎక్స్‌టర్నల్ హార్డు డిస్కు అది. బిడ్డల అక్షరాభ్యాసపు ఫొటోలు, పెండ్లి వీడియోలు, కాలధర్మము చెందిన తాతగారి కంఠస్వరము, భూమి పత్రముల నకళ్లు - ఇట్టివన్నియు అందులో నుండును. ఏదో యొక అవసరము వచ్చి దానిని కొత్త కంప్యూటరునకు తగిలించినప్పుడు, కంప్యూటరు దానిని గుర్తింపనే గుర్తింపదు, లేదా “ఈ డిస్కును ఫార్మాట్ చేయవలెనా?” అని ప్రశ్నించును. “అయ్యో, అన్నియు పోయినవి” అని ఇంటిల్లిపాదియు నిరాశ చెందుదురు.

పోయినవని నిశ్చయించుటకు ముందు విచారింపవలసినది చాల కలదు. డిస్కు పలుకకపోవుటకు కారణము తరచుగా డిస్కులో నుండదు. డిస్కునకును కంప్యూటరునకును నడుమనున్న వస్తువులలో నుండును. కావున వెలుపలినుండి లోపలికి వరుసగా పరీక్షించుకొని పోవలెను. డిస్కు పలికిన తరువాత దానిపై ఒక్క అక్షరమైనను క్రొత్తగా వ్రాయక, ముందుగా నకలు తీసికొనవలెను. ఈ ప్రసంగములో నేను మనవి చేయబోవునదంతయు ఈ రెండు మాటల వివరణమే.

ముందుగా ఆ పెట్టెలో ఏమున్నదో తెలిసికొందము. 1956వ సంవత్సరములో ఐ.బి.ఎం. సంస్థ ఇట్టి డిస్కు యంత్రమును మొదటిసారిగా లోకము ముందుంచినది. అందులో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెడివి. అంతటి యంత్రమున పట్టినవి సుమారు 50 లక్షల అక్షరములు మాత్రమే. 500 గిగాబైట్ల చిన్న డిస్కు చొక్కా జేబులో ఇమిడియు దానికి ఇంచుమించు లక్షరెట్ల సమాచారమును దాచుచున్నది. అయినను మూలసూత్రము మారలేదు. అయస్కాంతపు పూతగల పళ్లెము గిరగిర తిరుగుచుండును. సన్నని చేయి యొకటి దానిపై అటునిటు కదలుచు, తన కొననున్న హెడ్డుతో అయస్కాంతపు గురుతులను చదువుచుండును.

గ్రామఫోను ప్లేటును, సూదిని ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. భేదమేమనగా, గ్రామఫోను సూది ప్లేటును ఒరసికొని పోవును. ఈ హెడ్డు పని చేయునప్పుడు పళ్లెమును తాకరాదు. నిమిషమునకు 5400 లేక 7200 చుట్లు తిరుగు పళ్లెముపై కొన్ని నానోమీటర్ల ఎత్తున, అనగా తలవెండ్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ దూరమున, అది గాలిపొర మీద తేలుచుండును.

ఈ డిస్కునకు ఒక భాష, కంప్యూటరులోని యూ.ఎస్.బి. పోర్టునకు మరియొక భాష. రెండింటి నడుమ, పెట్టెలో నున్న చిన్న సర్క్యూటు పలక యొకటి దుబాసీవలె పనిచేయును. దాని వెనుక కేబులు. కొన్నిటికి ప్రత్యేకముగా విద్యుత్తు నిచ్చు అడాప్టరు. దొర మాటాడలేదన్నచో దొరకే జబ్బు చేసినదని అర్థము కాదు; దుబాసీ మంచము పట్టియుండవచ్చును.

మొదటి పరీక్ష చెవితో చేయునది. రేడియో శ్రోతలకు చెవి పదునే గదా! పెట్టెను బల్లపై కదలకుండ నుంచి, కంప్యూటరునకు తగిలించి, చెవి యొగ్గి వినుడు. మూడు విధములలో నేదో యొకటి జరుగును. ఏ చప్పుడును లేకుండుట మొదటిది. పళ్లెము సన్నని రొదతో సాఫీగా తిరుగుట రెండవది. “టక్, టక్” అని ఒకే లయతో కొట్టుకొనుట మూడవది.

మూడవది అన్నిటికంటె అపాయకరము. చిన్న డిస్కులలో విద్యుత్తు చాలకపోయినను ఇట్టి చప్పుడు రావచ్చును గనుక, వేరొక పోర్టున, వేరొక కేబులుతో ఒక్కమారు చూడవచ్చును. అప్పటికిని చప్పుడు మానకున్నచో వెంటనే తీసివేయవలెను. హెడ్డు తన చోటు కనుగొనలేక తడుముకొనుచున్నదని దాని భావము. ఆ స్థితిలో తిరుగనిచ్చిన కొలది పళ్లెము గీచుకొనిపోవు ప్రమాదము కలదు. ఫ్రిజ్‌లో పెట్టినచో బాగుపడునని చెప్పువారు కలరు. వారి మాట వినరాదు. చల్లబడిన పళ్లెముపై తేమ బిందువులై పేరుకొనును. తట్టుట, విదలించుట, డిస్కు మూత విప్పుట - ఇవేవియు కూడవు. హెడ్డు తేలు ఎడముకంటె ధూళిరేణువు ఎన్నో రెట్లు పెద్దది. ఇట్టి డిస్కు ధూళి చొరని గదిగల డేటా రికవరీ నిపుణుల చేతికి పోవలసినదే.

ఏ చప్పుడును లేనప్పుడు మొదట విద్యుత్తును అనుమానింపవలెను. ఈ పెట్టెలు రెండు జాతులు. లోపల మూడున్నర అంగుళముల డిస్కుగల పెద్ద పెట్టెకు గోడ ప్లగ్గునుండి వచ్చు అడాప్టరు వేరుగా కావలెను. అది సాధారణముగా 12 వోల్టులది. ఏండ్లు గడచిన అడాప్టరు తానే చెడిపోవుట అరుదు కాదు. క్రొత్తది కొనునప్పుడు పాతదాని మీద అచ్చువేసిన వోల్టులు సరిగా అంతే యుండవలెను; ఆంపియర్లు అంతే గాని, అంతకు మించి గాని యుండవచ్చును; ధన ఋణ ధ్రువముల గురుతును కలియవలెను. పిన్ను దూరినది గదా యని 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరును తగిలించినచో, డిస్కు పలక క్షణములో కాలిపోవచ్చును.

రెండున్నర అంగుళముల చిన్న డిస్కునకు అడాప్టరు అక్కరలేదు. యూ.ఎస్.బి. పోర్టునుండియే 5 వోల్టుల విద్యుత్తును గ్రహించును. 2000వ సంవత్సరమున వచ్చిన యూ.ఎస్.బి. 2.0 పోర్టు నియమము ప్రకారము 500 మిల్లీ ఆంపియర్లు ఇచ్చును. 2008లో వచ్చిన 3.0 పోర్టు 900 ఇచ్చును. నిలిచియున్న బండిని కదలించుటకు ఎక్కువ బలము కావలసినట్లు, పళ్లెము తిరుగుట ప్రారంభించునప్పుడు అంతకంటె ఎక్కువ కావలసి రావచ్చును. కాబట్టి నాలుగు వస్తువులు వ్రేలాడుచున్న హబ్బునకు దీనిని తగిలింపరాదు. నేరుగా కంప్యూటరునకు, పెద్ద కంప్యూటరయినచో వెనుకవైపు పోర్టునకు, పొట్టి కేబులుతో తగిలింపవలెను. కొన్ని పాత డిస్కులతో రెండు ప్లగ్గులుగల కేబులు వచ్చెడిది. రెండవ ప్లగ్గు అలంకారమునకు కాదు. అదనపు విద్యుత్తు కొరకే. రెండింటిని తగిలింపవలెను.

ఇక కేబులు. చూచుటకు బాగున్నను లోపల తీగ తెగియుండవచ్చును. ఫోన్లకు వచ్చు కేబుళ్లలో కొన్ని విద్యుత్తును మాత్రమే మోయును, సమాచారమును మోయవు. వాటితో పెట్టె దీపము వెలుగును గాని, కంప్యూటరునకు కబురు చేరదు. వెడల్పుగా, రెండు భాగములుగా కనబడు 3.0 రంధ్రముగల డిస్కునకు ఒక సదుపాయము కలదు. దాని పెద్ద భాగములో సాధారణమైన మైక్రో యూ.ఎస్.బి. ప్లగ్గు పట్టును. సమాచారమును మోయు కేబులయినచో వేగము తగ్గినను పని జరుగును. సముద్రతీరపు ఊళ్లలోను, వర్షకాలపు చెమ్మలోను రంధ్రములోని లోహపు రేకులకు చిలుము పట్టుట కలదు. అన్నిటిని విప్పి వేరుచేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తని గుడ్డతో ప్లగ్గును తుడిచి, బాగుగా ఆరిన పిమ్మట తగిలించి చూడవచ్చును.

పళ్లెము సాఫీగా తిరుగుచున్నది, కాని కంప్యూటరులో కనబడుట లేదు - ఇది రెండవ స్థితి. విండోస్ కంప్యూటరులో డిస్క్ మేనేజ్‌మెంట్ అను భాగమును, మాక్ కంప్యూటరులో డిస్క్ యుటిలిటీని తెరచి చూడవలెను. డిస్కు అక్కడ కనబడి, దానికి డ్రైవ్ అక్షరము మాత్రము లేకపోయినచో ఒక అక్షరమును కేటాయించుట చాలును. మాక్‌లోనైనచో మౌంట్ అను మీట నొక్కవలెను. తపాలా జవానునకు ఇంటి నంబరు చెప్పుట వంటిదే ఈ పని.

కాని కొన్ని వేళల కంప్యూటరు “ఫార్మాట్ చేయవలెనా?” అనియు, “ఇనిషియలైజ్ చేయవలెనా?” అనియు అడుగును. ఇక్కడనే గృహస్థు నిలిచి ఆలోచింపవలసి యున్నది. సమాచారమును అమర్చు పద్ధతులు పలు విధములు. విండోస్ యంత్రములలో ఫాట్ 32, ఎన్.టి.ఎఫ్.ఎస్.; మాక్ యంత్రములలో 1998 నుండి హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్, 2017 నుండి ఏ.పి.ఎఫ్.ఎస్. వాడుకలోనికి వచ్చినవి. మాక్‌లో అమర్చిన డిస్కును విండోస్ తనంతట తాను చదువజాలదు. లిపి తెలియనివాడు తాళపత్ర గ్రంథమును వట్టి ఆకుల కట్ట అనుకొన్నట్లు, అది నిండు డిస్కును ఖాళీదిగా భావించి, చెరిపి క్రొత్తగా గీతలు గీయుటకు అనుమతి కోరుచున్నది. అనుమతి నీయరాదు. డిస్కును ఏ యంత్రముతో వాడితిమో జ్ఞప్తికి తెచ్చుకొని, ఆ జాతి యంత్రమునకు తగిలించి చూడవలెను. పెన్ డ్రైవ్ నుండి నడుపదగిన లినక్స్ కూడ ఈ లిపులలో పెక్కింటిని చదువగలదు. అమరిక పట్టిక కొంత దెబ్బతినిన డిస్కు విషయములోను ఇదే ప్రశ్న వచ్చును. అప్పుడును సమాధానము “వద్దు” అనియే.

ఇంతవరకును ఫలితము లేకున్నచో దుబాసీని అనుమానింపవలెను. పై పెట్టెను విప్పి, లోపలి డిస్కును మూత కదలింపక యథాతథముగా వెలుపలికి తీసి, వేరొక యూ.ఎస్.బి. అడాప్టరునకు తగిలింపవచ్చును. 2003లో సాటా పద్ధతి వచ్చుటకు ముందటి డిస్కులకు సాధారణముగా ఐ.డి.ఇ. ప్లగ్గు ఉండును; దానికి తగిన అడాప్టరును అడిగి కొనవలెను. ఇందు రెండు జాగ్రత్తలు కలవు. కొన్ని చిన్న డిస్కులకు యూ.ఎస్.బి. రంధ్రము డిస్కు పలకకే అతుకబడి యుండును. అట్టివాటిని వేరుచేయ వీలుపడదు. మరికొన్ని పెట్టెలలో దుబాసీ పలకయే సమాచారమును రహస్యలిపిలోనికి మార్చి వ్రాయును. అట్టి డిస్కును వేరుగా తగిలించినచో అంతయు అర్థము లేని గిలుకుడుగా కనబడును. కనుక పాత పలకను పారవేయక భద్రపరుపవలెను.

దైవవశమున డిస్కు పలికినది. వెంటనే ఏమి చేయవలెను? ఫొటోలు చూచుచు కూర్చుండరాదు. రిపేరు చేయుదునని కంప్యూటరు అడిగినను, చెక్ డిస్క్ వంటి ప్రోగ్రాములను ఆ డిస్కుపై నడుపరాదు; అవి సరిదిద్దుచున్నామను పేర డిస్కుపై మార్పులు చేయును. గోటితో పోవుదానికి గొడ్డలి యెత్తరాదు. తగినంత చోటుగల మరియొక డిస్కును సిద్ధము చేసికొని, మరల దొరకనివాటిని మొట్టమొదట నకలు చేయవలెను. సినిమాలు, పాటలు వేరొకచోట దొరకును. తాతగారి గొంతు దొరకదు. క్రొత్త డిస్కు ఫాట్ 32 పద్ధతిలో నున్నచో 4 గిగాబైట్ల ఫైలు అందు పట్టదు. అది డిస్కు దోషమని భ్రమపడరాదు. నకలు సాగుచున్నంతసేపు పెట్టెను కదలింపక, గాలి తగులు చోట నుంచవలెను.

నకలు మధ్యలో ఆగిపోవుచు, మిక్కిలి నెమ్మదించినచో, పళ్లెముపై కొన్ని తావులు శిథిలమైనవని గ్రహింపవలెను. దీనికై జీఎన్‌యూ డీడీరెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాము కలదు. అది బాగున్న భాగములను ముందు నకలు చేసికొని, మొండికేసిన చోట్లకు చివర తిరిగి వచ్చును. ఎంతవరకు వచ్చినదో పటములో గురుతు పెట్టుకొనును. ఆ వెనుక టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ వంటి వాటితో నకలుపైననే వెదుకవలెను. అసలుపై ప్రయోగములు వలదు. ఈ పనులు చేతగానివారు తెలిసినవారి సహాయము పొందుట మేలు. డిస్కును ఇచ్చునప్పుడు “ఫార్మాట్ చేయవలదు, లోపలి సమాచారమే కావలెను” అని స్పష్టముగా చెప్పి, వ్రాసి యీయవలెను. డిస్కు పని చేయుట ఒకటి, అందులోని సమాచారము దక్కుట వేరొకటి. ఫార్మాట్ చేసిన డిస్కు చక్కగా పని చేయును. కాని అది ఖాళీ.

నిపుణులకు పంపు పక్షమున ఖర్చు హెచ్చుగా నుండును. కనుక ముందే కుటుంబములో విచారింపవలెను. పెండ్లి వీడియో సి.డి. పెద్దమ్మగారి యింట నుండవచ్చును. విదేశములోనున్న కుమారుని పాత ఈ-మెయిలులో ఫొటోలు మిగిలియుండవచ్చును. అట్లు దొరకినవి పోగా, మరెక్కడను లేనిదేమో తేల్చుకొన్న పిమ్మట, ఆ ఖర్చు తగునో తగదో నిర్ణయించుట సులభమగును.

దక్కిన సమాచారమును మరల ఒకే పెట్టెలో దాచినచో పడిన శ్రమ వ్యర్థము. నకళ్లు మూడు ఉండవలెను; అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను; వాటిలో ఒకటి వేరొక ఊరనో, మరియొక ఇంటనో ఉండవలెను. పెట్టెమీద తేదీని, లోపలనున్న విషయమును, ఏ యంత్రముతో వాడినదియు వ్రాసి, దాని కేబులును, అడాప్టరును అదే సంచిలో కట్టి యుంచవలెను. సంవత్సరమునకు ఒక్కమారైనను తగిలించి, ఫైళ్లు తెరుచుకొనుచున్నవో లేదో చూడవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె ఇది తేలిక పని.

ఏ డిస్కును శాశ్వతము కాదు. పూర్వము తాళపత్రములు శిథిలమగుటకు ముందే క్రొత్త ఆకులపై ప్రతులు వ్రాయించి గ్రంథములను నిలిపిరి. ప్రతి వ్రాయించుకొన్న గ్రంథము నిలిచినది. ఒకే ప్రతిగా మిగిలినది పురుగుల పాలైనది. మన యింటి చరిత్రకును ఆ నియమమే వర్తించును.