మాట కలపనివాడు పొగరుబోతు కాదు

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక కూలిరేట్ల గురించి మాట్లాడుకున్నాం. నాకిచ్చిన విషయం, ఆటిజం ఉన్న పెద్దవాళ్లు పనిచోట పడే యాతన. ఇదేదో పట్నంలో డబ్బున్నోళ్ల ఇళ్లలో సంగతి, మనకెందుకు అనిపించొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021కి వేసిన అంచనా ప్రకారం 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంటుంది. ఆ లెక్కన రెండున్నర వేల జనాభా ఉన్న ఊళ్లో ఇరవై మంది. వాళ్లెక్కడున్నారు? మన వాడల్లోనే ఉన్నారు. తిక్కలోడు, మొద్దు, పొగరుబోతు అని జనం పెట్టిన పేర్ల కింద ఉన్నారు.

ఆటిజం గాలి సోకడం కాదు, పూర్వజన్మ పాపం అసలే కాదు. పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరుగా ఉండడం. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు దీన్ని వివరంగా రాశాడు. తర్వాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమ చూపకపోతే ఇది వస్తుందని డాక్టర్లే నమ్మారు. అది తప్పని తేలిపోయింది. నింద ముందు ఆడదాని మీదే పడుతుంది, ఏ దేశమైనా అంతే.

కొందరికి మాటే రాదు. కొందరు గలగలా మాట్లాడతారు గానీ ఎదుటివాడి ఎత్తిపొడుపు అర్థం కాదు. మేస్త్రీ కోపంలో "రేపట్నించి పనికి రావద్దు" అంటే మనం మర్నాడు మామూలుగా పోతాం. ఆ మనిషి నిజంగానే పోడు. కూలి పోతుంది, పైగా చెప్పకుండా మానేశాడన్న పేరు. మనకి మామూలుగా ఉండే చప్పుడు వాళ్లకి చెవిలో మేకు దిగినట్టుంటుంది. ఉన్నపళంగా పని మారిస్తే కాళ్లూ చేతులూ ఆడవు.

చీమకుర్తి వైపు గ్రానైటు పాలిషింగులో పనిచేసిన మా కుర్రాడొకడి సంగతి చెబుతాను. పలక మీద వెంట్రుకంత పగులున్నా వాడి కంటికి దొరికేది. కానీ కట్టర్ల మోతలో సాయంత్రానికి తల గోడకేసి కొట్టుకునేవాడు. "నా మొహం చూసి మాట్లాడరా" అని మేస్త్రీ గడ్డం పట్టుకుని ఎత్తేవాడు. ఒకరోజు చేస్తున్న పని ఆపించి లోడింగుకి పొమ్మన్నారు. నిలుచున్న చోటే బిగుసుకుపోయాడు. తాగొచ్చాడని గెంటేసి పదిహేను రోజుల కూలి ఎగ్గొట్టారు. సంఘం పోయి కూర్చుంటే గానీ ఆ డబ్బులు రాలేదు. తర్వాత ఇంకో యూనిట్లో, కట్టర్లకి దూరంగా పలకల కొలతలు రాసే పని దొరికింది. పొద్దున్నే ఒక్క మనిషే వచ్చి ఆ రోజు పని చెబుతాడు. మూడో ఏడు నడుస్తోంది, తల కొట్టుకోవడం మానేశాడు. యజమానికి అదనంగా అయిన ఖర్చు ఎంత? సున్నా.

ఇక్కడొక మాట. కంటికి పగులు దొరికింది కాబట్టే వాణ్ణి మనిషిగా చూడాలా? ఏ ప్రత్యేక నైపుణ్యమూ లేని ఆటిజం మనిషికి కూలి, గౌరవం ఇవ్వరా? పేపర్లలో తెలివైనవాళ్ల కథలే వేస్తారు. దాని మాయలో మనం పడకూడదు.

ఆ కంటిచూపు సంగతి ఆలోచించండి. మన తాతలు దొర ముందు తలెత్తి చూస్తే పొగరన్నారు. ఈనాడు ఈ కుర్రాడు మేస్త్రీ కళ్లలోకి చూడకపోతే పొగరంటున్నారు. చూస్తే తప్పు, చూడకపోతే తప్పు. తప్పు చూపులో లేదు, పెత్తనంలో ఉంది.

పట్నంలో అద్దిల్లు కోసం కులం దాచినవాళ్లు ఈ పందిట్లో ఎంతమందో, చెయ్యెత్తమని అడగను. ఏ మాటలో వాడ పేరు దొర్లుతుందో, ఏ కూరతో బయటపడతామో అని ప్రతి మాటా తూచి మాట్లాడి రాత్రికి ఎంత అలిసిపోతామో మనకి తెలుసు. ఆటిజం మనిషి పనిచోట రోజూ చేసేది అదే. నవ్వు రాకపోయినా నవ్వాలి, చేతులు ఆడించకుండా బిగపట్టాలి, పలకరింపులు ముందే వల్లెవేసుకోవాలి. ఇలా దాచుకుని బతికేవాళ్లలో దిగులు, ఆందోళన, చచ్చిపోవాలన్న ఆలోచన ఎక్కువని పరిశోధకులు రాశారు. మనవాడైతే రెండు దాచాలి. ఆఫీసులో ఒంటరిగా అన్నం తింటే "కోటావాడికి పొగరు", పని ఆలస్యమైతే "కోటావాళ్లింతే". ఒక్క మనిషి ఇబ్బంది మొత్తం కులం ఖాతాలో రాస్తారు.

ఆడపిల్లల గతి ఇంకో రకం. మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో ఒక మూల తలొంచుకుని కూర్చుంటే "మంచిపిల్ల, నోట్లో నాలుక లేదు" అంటారు. ఆ ఘాటుకీ, ఆ గోలకీ లోపల ఏమవుతోందో ఎవరూ అడగరు.

చట్టం ఏమంటుంది? 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాలే, ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 రకాలు, ఆటిజం చేరింది. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం వాటాలో 1 శాతం ఆటిజం, మానసిక వైకల్యం, మానసిక రోగం, నేర్చుకోవడంలో వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలున్న వాళ్లందరికీ కలిపి. 40 శాతం సర్టిఫికెట్టు కావాలి. ఈ వాటా తీసుకుంటే ఎస్సీ హక్కు పోదు, ఆ భయం పెట్టుకోకండి. ప్రభుత్వ సంస్థలు పనిచోట తగిన సర్దుబాట్లు చెయ్యాలి, ఫిర్యాదులు వినే అధికారిని పెట్టాలి. సెక్షన్ 92 చూడండి: నలుగురి కళ్లెదుట వికలాంగుణ్ణి కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు. 1989 అట్రాసిటీ చట్టం చదివినవాళ్లకి ఈ మాటలు కొత్త కాదు. గడ్డం పట్టుకుని ఎత్తిన మేస్త్రీకి ఈ సెక్షను వినిపించాలి.

ప్రైవేటు షెడ్డుల్లో, క్వారీల్లో ఆ వాటా లేదు. అక్కడ సంఘమే అడగాలి. పని ఒక్కరే చెప్పండి, మార్పుంటే ముందురోజే చెప్పండి, మోతకి దూరంగా కూర్చోబెట్టండి, చెవుల్లో దూది పెట్టుకుంటే తిట్టకండి. చదువు రానివాళ్లకి చేసి చూపించండి. మన మీటింగుల్లో కూడా ఆ మనిషిని బలవంతంగా మైకు ముందుకి లాగొద్దు, మైకు పెట్టెకి దూరంగా చోటివ్వండి.

సర్టిఫికెట్టు దగ్గర ఒక చిక్కుంది. మెడికల్ బోర్డులో డాక్టర్లు చిన్నతనం గురించి అడుగుతారు. మాట ఎప్పుడొచ్చింది, తోటిపిల్లలతో ఆడాడా అని. నలభై ఏళ్ల మనిషికి తల్లి లేకపోతే ఎవరు చెప్పాలి? కాబట్టి ముందు ఆ మనిషి ఇష్టం కనుక్కోండి. సరేనంటే మేనత్తనో పెద్దక్కనో, చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాళ్లని ఎవర్నైనా వెంట తీసుకుపోండి. వాళ్లకి గుర్తున్నదంతా ముందే కాగితం మీద పెట్టించుకోండి. రాసేవాళ్లు లేకపోతే సాయంత్రం బడి వదిలాక మా ఇంటికి రండి, కూర్చుని రాసిస్తాను.