హైతీ స్వాతంత్ర్య దినాన గుమ్మడికాయ సూప్

హైతీ ప్రజలకు జనవరి 1 సంవత్సరాది మాత్రమే కాదు, స్వాతంత్ర్య దినం కూడా. కరీబియన్ ప్రాంతంలోని ఈ దేశం ఒకప్పుడు ఫ్రాన్సు వలస రాజ్యం. ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసల చేత అక్కడి చెరకు, కాఫీ తోటల్లో చాకిరీ చేయించేవారు. ఆ బానిసలే తిరగబడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, దెస్సలీన్ నాయకత్వాన 1804లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు.

ఆ దినాన ఇంటింటా వండేది 'సూప్ జూమూ', అనగా గుమ్మడికాయతో చేసే చిక్కని సూప్. బానిసత్వపు రోజుల్లో దీనిని వండినవారు బానిసలు, తిన్నవారు యజమానులు అని హైతీ ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటారు. వండిన చేతులకే దక్కని ఆ వంటకాన్ని స్వతంత్రులై అందరూ కలిసి తినడమే ఈ ఆచారంలోని అసలు అర్థం. ఏ సైనిక కవాతూ ఇంత సూటిగా స్వేచ్ఛను చాటలేదనిపిస్తుంది.

ఈ సూప్ కోసం మాంసాన్ని నిమ్మరసంతో కడిగి, మసాలా పట్టించి ముందురోజే నానబెడతారు. ఉడికించి మెదిపిన గుమ్మడి గుజ్జులో ఆ మాంసాన్ని, బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ ముక్కలను వేసి, ఘాటైన మిరపకాయ ఒకదానిని చిట్లకుండా పైన తేలనిచ్చి మరిగిస్తారు. చిట్లితే ఆ కారానికి సూప్ నోట పెట్టలేరు. తయారైన సూప్‌ను ఇరుగుపొరుగులకు, బంధువులకు పంచుతారు.

ఈ ఆచారాన్ని 2021లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో, అనగా కట్టడాలు కాక ఆచారాలు, కళలు, నైపుణ్యాలు చేరే జాబితాలో చేర్చింది. మయామీ, న్యూయార్క్, మాంట్రియల్ వంటి నగరాల్లో స్థిరపడిన హైతీ కుటుంబాలు కూడా జనవరి 1న ఈ సూప్‌నే వండుకుంటాయి.