సర్కారు ఇళ్లు - ఆడవాళ్ల భయాలు
(ప్రసంగ పాఠం)



ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో భద్రత గురించి మాట్లాడమన్నారు. ముందు ఒక చిన్న సంగతి చెబుతాను. ఊరి చివర కట్టిన ఒక కాలనీకి వెళ్లి, "ఇక్కడ మీకు భయం లేకుండా ఉందా?" అని అడిగాను. బ్లాకు ముందు కూర్చున్న ఒకాయన, "భయమెందుకమ్మా, గేటుంది, వాచ్‌మన్ ఉన్నాడు" అన్నాడు. పక్కనే నిలబడ్డ ఆయన భార్య ఏమీ అనలేదు. తర్వాత ఒంటరిగా దొరికినప్పుడు చెప్పింది: "లిఫ్టు చెడిపోతే మెట్లెక్కాలి. మూడో అంతస్తు దాటితే లైటు లేదు. పిల్లను ట్యూషన్ మానిపించిన." ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో.

బ్రిటన్‌లో 1982లో మొదలైన నేరాల సర్వేలలో ఇలాంటి తేడాయే కనిపించింది. భయపడుతున్నామని ఎక్కువగా చెప్పింది స్త్రీలు. వీధి దాడులకు ఎక్కువగా గురైంది యువకులు. ఇంకేముంది, ఆడవాళ్లది అకారణ భయం అనేశారు! ఎలిజబెత్ స్టాంకో వంటి స్త్రీవాద పరిశోధకులు దీన్ని తిప్పికొట్టారు. దారిలో ఎదురయ్యే వేధింపులు, ఇంట్లో తినే దెబ్బలు ఆ లెక్కల్లోకి సరిగా ఎక్కనే లేదన్నారు. భయం స్త్రీల రాకపోకలనే మార్చేస్తుందని 1989లో జిల్ వాలెంటైన్ రాసింది. ట్యూషన్ మానేసిన ఆ పిల్ల మీద ఏ దాడీ జరగలేదు. కాబట్టి మన సర్వేలో ఆమె 'సురక్షితం' గడిలో పడుతుంది.

ఎత్తయిన బ్లాకులలో మెట్లూ వరండాలూ ఎవరివీ కాకుండా పోతాయని, అక్కడే నేరం చొరబడుతుందని 1972లో అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆస్కార్ న్యూమన్ అన్నాడు. ఉపయోగపడే మాటే. అయితే ఆయన ఆలోచనలో ప్రమాదం ముఖ్యంగా బయటివాడి నుంచి వస్తుంది. మెట్ల మీద దారి కాచేవాడు పై అంతస్తు అబ్బాయే అయితే గేటు ఏం చేస్తుంది?

మన దగ్గరికి వద్దాం. 2023లో ప్రారంభించిన కొల్లూరు డబుల్ బెడ్‌రూం సముదాయంలో ఒక్కచోటే 15,660 ఇళ్లు. ఎవరికి ఇల్లు వస్తుందో డ్రా తేల్చింది. అంటే బస్తీకి బస్తీ కదలలేదు, విడివిడి కుటుంబాలు కదిలాయి. నగరంలో నాలుగిళ్లలో పని చేసుకునే స్త్రీకి అంత దూరం నుంచి తెల్లవారుజామున బస్సు పట్టుకోవడం కూడా భద్రత సమస్యే. పాత చోట కేక వేస్తే పలికే పిన్ని ఉండేది. బస్తీని నేను పొగడడం లేదు సుమా. అక్కడ కాపలా కాసిన కళ్లే ఆడపిల్లల మీద నిఘా కూడా పెట్టాయి.

ఇక తలుపు లోపలి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త హింసను చవిచూశారు. కొత్త ఫ్లాటులో గోడలు గట్టివి, ఏడుపు బయటికి వినపడదు. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇల్లాలి పేరున మంజూరు చేయాలన్న నియమం మంచిదే. కానీ కాగితం ఆమె బీరువాలో ఉన్నా, ఆయన తాగొచ్చిన రాత్రి మెట్ల మీదికి వచ్చి కూర్చునేది ఆమే. 2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద కొట్టేవాణ్ణి ఇల్లు వదిలి వెళ్లమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. ఈ ఒక్క ముక్క కాలనీల్లో ఎంతమందికి చెప్పాం మనం?

1989లో టొరంటోలో మెట్రాక్ సంస్థ స్త్రీల భద్రతా తనిఖీ అనే పద్ధతి రూపొందించింది. ఢిల్లీలో జాగోరీ కూడా ఆ పని చేసింది. కష్టమైనదేమీ కాదు. అక్కడుండే ఆడవాళ్లే చీకటి పడ్డాక కలిసి నడిచి, ఎక్కడ లైటు లేదో, ఎక్కడ అడుగు తడబడుతుందో రాసుకుంటారు. మీరూ చేయండి. ప్రశ్నలు మాత్రం మగవాళ్లు పనికి పోయిన వేళ అడగండి. "భయమా?" అని కాదు, "ఏ పని మానేశావు?" అని అడగండి. మెట్లు కింది నుంచి పైదాకా ఎక్కండి, లిఫ్టు పనిచేస్తున్నా సరే.