ఇంటికి వచ్చు వార్త



దూరమున నున్న మనవారి కబురు మన యింటికి చేరు తెరగు గడచిన నూటడెబ్బది యేండ్లలో ఎట్లు మారినదో, ఆ మార్పువలన మనకు కలిగిన లాభమెట్టిదో, మనము క్రొత్తగా అలవరచుకొనవలసిన జాగరూకత యెట్టిదో నేడు కొంత మనవి చేసెదను. వార్త విషయమున విచారింపవలసిన ప్రశ్నలు మూడు. అది యెంత వేగముగ వచ్చినది? ఎంత వెలకు వచ్చినది? ఎవరి నోటినుండి వచ్చినది? మొదటి రెండింట మానవుడు సాధించిన విజయము అద్భుతమైనది. మూడవదానిని మాత్రము మనము మరచుచున్నాము.

మొదట జాబును తీసికొందము. 1854లో తపాలా శాసనము వెలువడినపుడు దూరముతో నిమిత్తము లేకుండ, పావుతులము బరువుగల ఉత్తరమునకు అర్ధణా రుసుము ఏర్పడెను. రాజమహేంద్రవరమునుండి మదరాసునకైనను, కాశికైనను ఒకటే వెల. 1879లో కార్డు వచ్చెను; దాని వెల కాలణా. ఆ చిన్న అట్టముక్కమీద మన పెద్దలు ఎంత మర్యాద నిమిడ్చిరో చూడుడు. పెద్దలకైన ‘మహారాజరాజశ్రీ’, పిన్నలకైన ‘చిరంజీవి’, పిదప ‘ఉభయకుశలోపరి’. అటుపిమ్మటనే అసలు సంగతి. శుభలేఖకు మూలల పసుపు పూసెడివారు. మరణవార్త తెచ్చిన కార్డును చదివి చించి పారవేసెడివారే గాని ఇంట నుంచెడివారు కారు. తక్కిన జాబులన్నియు వాసమునకు వ్రేలాడు ఇనుపతీగకు గ్రుచ్చబడి యేండ్లతరబడి యుండెడివి. చేవ్రాత చూచినంతనే వ్రాసినవారెవరో ఇంటిల్లిపాదికి తెలిసెడిది. జాబునకు వేగము లేదు. కాని దానికి సాక్ష్యము దానియందే యుండెను.

అక్షరము రాని యిండ్లకు బడిపంతులే చదువరి. నేను ఉద్యోగమున చేరిన తొలిదినములలో, మా కోనసీమనుండి గల్ఫు దేశములకు బ్రతుకుతెరువునకై పోయిన స్త్రీల తల్లులు, సాయంకాలము బడి విడిచిన పిదప కువైటు జాబులను, మస్కటు జాబులను కొంగున దాచుకొని తెచ్చెడివారు. “పంతులుగారూ, మెల్లగా చదవండి” అనెడివారు. అరుగుమీద నలుగురున్నచో వారు లేచిపోవువరకు ఆగెడివారు. ఆ జాబులలో అప్పులుండును, అవమానములుండును, కన్నీరుండును. చెవిని పడినది నోట పడరాదనుట చదువరికి ధర్మము. ఊరి పెద్దలందరు, ఉపాధ్యాయులందరు ఆ ధర్మమును పాటించినందువలననే పరుల చేతికి జాబిచ్చుటకు ఆ తల్లులు వెరవలేదు.

ఇక తంతి. మన దేశమున 1850లో కలకత్తాకును డైమండ్ హార్బరునకును నడుమ మొదటి తంతి ప్రయోగముగ వేయబడెను. కొలది యేండ్లలోనే అది ప్రజల వాడుకకు వచ్చెను. తంతికి మాటకింత యని వెల గనుక మర్యాదలన్నియు రాలిపోయి ఎముకలవంటి నాలుగు మాటలు మిగిలెను. ‘తల్లికి జబ్బు తీవ్రము, వెంటనే బయలుదేరుము’ అని వచ్చినచో తల్లి గతించెనని గ్రహించి జనులు బండెక్కెడివారు. తంతి బంట్రోతు వీధి మలుపు తిరిగినంతనే ఇండ్లలో గుండెలు గుభేలుమనెడివి. పెండ్లి దీవెనలు సయితము ఆ తంతిపైననే వచ్చెడివి. వానికి అచ్చువాక్యములును, వాక్యమునకొక అంకెయు నుండగా, అంకె పంపిన చాలును, అవతల వాక్యమై చేరెడిది. ఆ తంతి సేవ 2013 జూలై 14వ తేదీతో ముగిసినది.

టెలిఫోను 1876లో గ్రాహంబెల్లు నిర్మింపగా, 1882 నాటికే కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో ఎక్స్ఛేంజీలు వెలసెను. పల్లెకు రాకకు మాత్రము నూరేండ్లు పట్టెను. దూరపు ఊరితో మాటలాడవలెనన్న ట్రంకు కాలు బుక్కుచేసి గంటలకొలది కాచియుండవలెను. 1960లో లక్నో కాన్పూరుల నడుమ ఎస్.టి.డి. ఆరంభమైనది. 1984లో సీ-డాట్ సంస్థ యేర్పడి, పల్లెల వేడికిని దుమ్మునకును తాళగల చిన్న ఎక్స్ఛేంజీని రూపొందించెను. 1986లో కర్ణాటకమందలి కిత్తూరున దానిని నెలకొల్పిరి. తరువాతనే వీధివీధిని పసుపుపచ్చ బోర్డుల బూతులు వెలసినవి. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట వెల తగ్గునని, భోజనములు కానిచ్చి బూతువద్ద బారులుతీరిన సంసారములను మీరును చూచియేయుందురు. గాజు తలుపు వెనుక ఒకరు మాటలాడుచుండగా, వెలుపల గోడమీది ఎఱ్ఱని అంకెలు రూపాయలను లెక్కపెట్టుచుండెడివి.

1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖరాముతో మాటలాడుటతో మన దేశమున సెల్‌ఫోను ఆరంభమైనది. ఆ దినములలో పలికినవానికే గాక వినినవానికి కూడ వెల పడెడిది. 2003లో వినుట ఉచితమైనది. 2016 తరువాత ఇంటర్నెట్టు చౌకయగుటతో మాటయే గాక ముఖము సయితము అరచేతికి వచ్చినది.

ఈ మేలును తక్కువచేయుట న్యాయము కాదు. 1986 ఆగస్టులో గోదావరి పొంగినపుడు లంకలలోనివారి యోగక్షేమములు ఆవలిగట్టువారికి తెలియక పడిన వేదన మా ప్రాంతము మరువలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము గావించినపుడు స్తంభములు కూలినవి, తీగలు తెగినవి. బిడ్డలు బ్రతికియున్నారో లేరో తెలియక తల్లిదండ్రులు తల్లడిల్లిరి. నేడు మస్కటులోని కూతురు వంటయింటి గట్టుమీద ఫోను నిలిపి తల్లితో మాటలాడుచునే కూర తరుగుకొనుచున్నది. ఆ తల్లికి చదువరి యక్కరలేదు. ఇది సామాన్యమైన మేలు కాదు.

అయితే మూడవ ప్రశ్న సంగతి యేమి? ఆప్తుని వాక్యమే ప్రమాణమని తార్కికులు చెప్పుదురు. ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు ఆప్తుడు. జాబునకు చేవ్రాత గురుతు. తంతికి తపాలాకచేరి ముద్ర గురుతు. నేడు ఫోనున పలుకు గొంతునకు గురుతేది? ఒకని కంఠమును యంత్రముచే అనుకరింపజేయు విద్యయు వచ్చినది.

మా ప్రాంతమున ఒక వృద్ధుని సంగతి చెప్పెదను. కొబ్బరి దింపు సొమ్ము బ్యాంకున దాచుకొన్నవాడు. ఒకనాడు ఫోనులో పోలీసు దుస్తులతో నొకడు కనబడి, “మీ పేర దొంగసరుకు పట్టుబడినది, మిమ్ము అరెస్టు చేసితిమి, గది విడిచి కదలరాదు, ఎవ్వరికిని చెప్పరాదు” అని గద్దించెను. డెబ్బదియేండ్ల పెద్దమనిషి తలుపు గడియవేసికొని వణకుచు కూర్చుండెను. సొమ్ము పంపుటకు సిద్ధపడుచుండగా ఇల్లాలు మజ్జిగతో వచ్చి తలుపు తట్టి, “ఎవరితోనండీ మాటలు?” అని గట్టిగా అడిగినది. అవతలివాడు మాయమయ్యెను. ఒక గ్లాసెడు మజ్జిగ యేండ్ల కష్టార్జితమును కాపాడినది. అందరి యిండ్ల అట్లు జరుగలేదు. ఫోనులో అరెస్టుచేయు పద్ధతి ఏ చట్టమునందును లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే రేడియో ప్రసంగమున ప్రజలకు చెప్పవలసివచ్చెను.

అశోకవనమందలి ఘట్టము మీకు తెలియనిది కాదు. హనుమంతుడు రామకథను మధురముగ చెప్పినను సీతాదేవి వెంటనే నమ్మలేదు. యతివేషముచే ఒకమారు మోసపోయిన తల్లి యామె. రాముని గురుతులు చెప్పుమని యడిగెను. హనుమంతుడు రామలక్ష్మణుల రూపమును వర్ణించి, ఉంగరము నిచ్చిన పిదపనే ఆమె మనస్సు కుదుటపడెను. తన కబురును రాముడు నమ్ముటకై ఆమె చూడామణినిచ్చి, తమ యిద్దరికే తెలిసిన కాకాసుర వృత్తాంతమును కూడ చెప్పి పంపెను. ఇందొక సూక్ష్మము కలదు. గురుతు అడిగినందుకు హనుమంతుడు కోపగింపలేదు. నిజమైన దూతకు గురుతు అడిగిన కోపము రాదు. కోపించి, బెదరించి, తొందరపెట్టువాడు దూత కాడు.

కావున పెద్దలకు నా మనవి. ధనమునుగాని, ఫోనునకు వచ్చిన ఓటీపీ అంకెలనుగాని అడుగు గొంతు ఎవరిదైనను మొదట ఫోను పెట్టివేయుడు. మీరెరిగిన నంబరునకు మీరే తిరిగి మాటలాడుడు. మనుమడు ఆపదలో నున్నాననినచో, మీ యింటివారికే తెలిసిన మాట యొకటి అడుగుడు. “ఎవ్వరికిని చెప్పవద్దు” అనిన క్షణమున ఇంట నలుగురిని పిలువుడు. ఆ మాటయే మోసమునకు గురుతు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తడవుచేయక 1930 నంబరునకు తెలుపుడు. త్వరగ తెలిపినకొలది సొమ్మును ఆపుటకు అవకాశము కలదు.

ఇంకొక్క మాట. మీ ఫోనునకు వచ్చిన ప్రతి వార్తను మీరు మరి పదిమందికి పంపుచున్నారు. పంపినంతనే దానికి మీరు పూచీదారులగుచున్నారు, ఏలయన పుచ్చుకొన్నవారు వార్తను చూచి కాక మీ పేరును చూచి నమ్ముచున్నారు. ఒకనాడు ఊరివారి జాబులు చదివి గుట్టు కాపాడినవారు మీరు. నేడు వార్తను నిలిపి, నిజము తేల్చి, పిదప పంపువారు కూడ మీరే కావలయును. యంత్రము వేగమునిచ్చును, ఆప్తత్వమును మనుష్యుడే ఈయవలెను.