ముడి చిత్రము – పని ప్రతి
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల యింట సినిమా కెమెరా ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. నేడు మన ప్రాంతపు యువకులు కొందరు అద్దెకు కెమెరాలు తెచ్చి తిరునాళ్లను, కోలాటములను, చెక్కభజనలను చిత్రించుచున్నారు. తీయుట నేర్చితిరి, తీసినదానిని కూర్పునకు సిద్ధపరచుట తెలియక చెడుచున్నారు. అట్లు చెడినవారిలో నేనును ఒకడను గనుకనే మాటలాడ సాహసించితిని.

ఈ విద్య మన జిల్లాకు క్రొత్తది కాదు. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి.ఎన్.రెడ్డిగారు మద్రాసునకు పోయి, వాహినీ పతాకమున 1951లో ‘మల్లీశ్వరి’ని తీసిరి. 1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందిరి. ఆ దినములలో కూర్పు చేయువాడు నెగటివును ముట్టెడివాడు కాదు. దానినుండి ఒక పని ప్రతిని అచ్చువేయించి, ఆ ప్రతినే కత్తిరించి, అతికించి, నచ్చనిచో విప్పి మరల అతికించెడివాడు. దానిపై గీతలు పడినను నష్టము లేదు. నెగటివు అంచున నుండు సంఖ్యలు పని ప్రతి అంచునను పడెడివి. కూర్పు స్థిరపడిన పిదప ఆ సంఖ్యలను చూచి నెగటివును కత్తిరించెడివారు. మన పుస్తకము వీపున అతికించిన సంఖ్యకును, బల్లమీది చేర్పు రిజిస్టరునకును గల సంబంధము వంటిదే యిది.

నేటి డిజిటల్ కెమెరా యిచ్చు ముడి చిత్రమును నెగటివుగానే తలంపవలెను. కెమెరా లోపల వెలుతురును గ్రహించు పలక కలదు. దానిపై లక్షలాది గడులు. ప్రతి గడిమీదను ఒక్క రంగు వడపోత మాత్రమే. సగము గడులు పచ్చవి, నాల్గవ వంతు ఎర్రవి, నాల్గవ వంతు నీలివి. కొడక్ సంస్థలోని బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంటు పొందెను. కావున ముడి ఫైలు ఇంకను బొమ్మ కాదు. ప్రతి గడికిని లేని రెండు రంగులను పొరుగు గడులనుండి లెక్కగట్టినప్పుడే అది బొమ్మ యగును. తెలుపు ఎంత తెలుపు, నీడ ఎంత నలుపు అనునవియు అప్పటికి తేలవు. అందుచేతనే దానికంత విలువ.

బరువును చూడుడు. అడ్డముగా 1920, నిలువుగా 1080 గడులన్నచో మొత్తము 20,73,600. గడికి 12 బిట్ల వంతున ఒక్క బొమ్మకు సుమారు 31 లక్షల బైట్లు. సెకనుకు 24 బొమ్మలు. కుదింపు లేనిచో గంటకు సుమారు 269 గిగాబైట్లు! అడ్డమును నిలువును రెట్టింపు చేసినచో అది నాలుగింతలై 1,075 అగును. సామాన్యమైన కంప్యూటరు ఈ భారమును మోయలేక, బురదలో దిగిన బండివలె ఆగి ఆగి నడచును. అదే గంట చిత్రమును ప్రోరెస్ ప్రాక్సీ అను రూపములోనికి మార్చినచో 1920 వెడల్పున సుమారు 16 గిగాబైట్లే.

ఫోన్లు వాడు హెచ్.264 ఇంకను చిన్నది కదా, అదేల వాడరాదని ప్రశ్నింతురు. అందు ఒక బొమ్మ పూర్తిగా నుండి, తరువాతి వానిలో మార్పులు మాత్రమే యుండును. నడిమి బొమ్మను చూపుటకు కంప్యూటరు ముందువెనుకల లెక్కలన్నియు వేయవలెను. చూచుటకది మేలు, కత్తిరించుటకు కాదు. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ వంటివానిలో ఏ బొమ్మకా బొమ్మ పూర్తిగా నుండును.

ఇక నేను చేసిన తప్పు. మా యూరి చెక్కభజన గురువుగారు ఒకరు ఎనుబది యేండ్లు దాటినవారు. మిట్టమధ్యాహ్నపు టెండలో ఆయన ఆడించుచుండగా తీసితిని. నాకు తెలిసిన యొక్క మీట నొక్కి అంతయు 8 బిట్ల చిన్న ఫైళ్లుగా మార్చితిని. చక్కగా కనబడెను. డిస్కులో చోటు చాలక ముడి ఫైళ్లను తుడిచివేసితిని. మరుసటి యేడు ఆయన గతించిరి. ఇంటివారు సంవత్సరీకమునాడు చూపుమని యడిగిరి. పెద్ద తెరమీద చూడగా తలపాగా తెల్లని మచ్చ, దాని నీడలోని ముఖము నల్లని మచ్చ. ముడి ఫైలులో గడికి 4,096 మెట్లు వెలుతురుండెను; నా ప్రతిలో మిగిలినవి 256. నీడను ఎంత పైకి లాగినను బూడిదరంగు తప్ప కన్నులు కనబడలేదు. ఆయన మనుమరాలు, “తాత మొగం యాడుందన్నా?” అని యడిగినది. నాకు బదులు లేకపోయెను.

కావున క్రొత్తవారు చేయవలసిన దిది. కార్డులోని సంచులను ఉన్నవి యున్నట్లు రెండు వేర్వేరు డిస్కులకు ఎక్కించుడు. ప్రతి సరిపోయినదో లేదో పోల్చి చూచు సాధనముతోనే యెక్కించుడు. ఆ తరువాతనే కార్డును తుడువుడు. సినిమా డీఎన్‌జీ రూపములో ఒక్కొక్క బొమ్మ ఒక్కొక్క ఫైలు, నిమిషమునకు 1,440. సంచి తెరచి బెదరి పేర్లు మార్చినవారిని చూచితిని. మార్చకుడు! ఆ పేర్లును, లోపలి కాలసంఖ్యయును వెనుకటి అంచు సంఖ్యలే.

పిదప డావిన్సీ రిజాల్వ్ వంటి సాధనమును తెరువుడు. ఉచితముగా దొరకునదే చాలును. ముందుగా సెకనుకు బొమ్మలెన్నో నిర్ణయింపుడు. 24తో తీసి 25 అని పెట్టి చిత్రములను చేర్చినచో ఆ సంఖ్య మరల మారదు. చూచుటకు ఇంపైన రంగు నిచ్చి, అవే పేర్లతో, అవే కాలసంఖ్యలతో పని ప్రతులను వేరొక సంచిలో చేయించుడు. కూర్పంతయు వానితోనే. ముగిసిన తరువాత సాధనమును ముడి ఫైళ్లవైపు మరల్చుడు. మీరు కోసిన చోటనే అవియు కోయబడును. రంగులు దిద్దుట అప్పుడు. ధ్వని వేరుగ పట్టినచో చప్పట్ల గుర్తుతో ముందే కలుపుకొనుడు.

డిస్కులకు ఖర్చగునందురు. నిజమే. అక్కరకురాని ముక్కలను కూర్పు ముగిసిన తరువాత ఏరి తీసివేయవచ్చును. ముందు మాత్రము కూడదు.

సభానంతరము పఠనమందిరములోని కంప్యూటరుపై ఒక్క నిమిషపు ముడి చిత్రమును, దాని పని ప్రతిని ప్రక్కప్రక్కన నుంచి చూపెదను. ఆ 1,440 ఫైళ్ల సంచిని చూడగోరువారు, తమ డిస్కులను తెచ్చుకొన్నవారు అక్కడకు దయచేయుడు. టీ వచ్చువరకు నేను అక్కడనే యుందును.