జ్యూసరా, మిక్సీనా? మా గ్రూపు నేర్చుకున్న పాఠం

(మహాసభలో గ్రూపు లీడరు మాట్లాడిన మాటలు)



నేను పదో తరగతి వరకే చదివినాను. ఏమన్నా తప్పు మాట్లాడితే సర్దుకోండి. మేము ఏం సాధించినామో చెప్పమని నన్ను పిలిచినారు. నేను మాత్రం ముందు మేము ఎక్కడ నష్టపోయినామో చెప్తాను. అది వింటే ఇంకో గ్రూపు డబ్బులు మిగులుతాయి.

పోయిన ఎండాకాలం బస్టాండు కాడ చల్లని పానీయాలు అమ్ముదామని మా పదిమందిమి అనుకున్నాము. మాది అనంతపురం జిల్లా, చీనీకాయలకు కొదవ లేదు. పొదుపు డబ్బులో నుంచి అంతర్గత అప్పు తీసుకుని మిషన్ కొనాలని తీర్మానం రాసుకున్నాము. టౌనులో అంగడికి పోతే జ్యూసరు చూపించినారు. ఒక పక్క రసం, ఒక పక్క పిప్పి పడుతుంటే నాకు బలే నచ్చింది. మా గ్రూపులో ఒక అక్క, "మిక్సీ చాలదా చెల్లీ? అందులో మజ్జిగ కూడా అవుతుంది కదా" అనింది. నేను వినలేదు. 5,800 రూపాయలు పెట్టి జ్యూసరే తెచ్చినాము.

వారం తిరక్కుండానే సంగతి తెలిసింది. క్యారెట్, బీట్‌రూట్ అయితే రసం బాగా వచ్చేది. కానీ బస్టాండులో వాటిని అడిగేవాళ్లు ఎంతమంది? మామిడిపండు వేస్తే జల్లెడ మూసుకుపోయేది. అరటిపండుకు రసమే రాదు. మజ్జిగ, రాగిజావ దాంట్లో కావు. నాలుగు గ్లాసులు తీసేసరికి విప్పి, బ్రష్‌తో రుద్ది కడగాల్సి వచ్చేది. అంతలోకి బస్సు పోయేది. అంగడాయన వాడిన మిషన్ వాపసు తీసుకోనన్నాడు. చివరికి 2,600 రూపాయలకు వేరేవాళ్లకు అమ్మినాము. 3,200 నష్టం.

ఆ వారం మీటింగులో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నష్టం నేనే కడతానన్నాను. అప్పుడు వద్దని చెప్పిన ఆ అక్కే లేచి, "తీర్మానంలో సంతకాలు అందరివీ ఉన్నాయి. నష్టం కూడా అందరిదే" అనింది. తలా 320 రూపాయలు వేసుకున్నాము. అప్పు కంతు ఒక్కటి కూడా తప్పలేదు. పంచసూత్రాలు అంటే ఏమో నాకు ఆ రోజు బాగా అర్థమయింది.

తర్వాత 750 వాట్ల మిక్సీ, చీనీకాయలు పిండడానికి చేతి మిషన్ తీసుకున్నాము. చీనీకాయను గింజలతో మిక్సీలో తిప్పితే చేదు వస్తుంది, అందుకే చేతి మిషన్. మజ్జిగ, కలింగర, మామిడి, బొప్పాయి అన్నీ మిక్సీలోనే. వెయ్యి వాట్ల మిషన్ గంట తిరిగితే ఒక యూనిట్ కరెంటు. మా మిక్సీ రోజంతా కలిపి గంట తిరిగినా ముక్కాలు యూనిటే.

ఇంకో సంగతి ఆరోగ్యం గురించి. జ్యూసరు పిప్పిని వేరు చేస్తుంది, దాంతో పాటే పీచు పోతుంది. మిక్సీలో వేసి వడకట్టకుండా తాగితే పీచు మనకే దక్కుతుంది. ఒక గ్లాసు చీనీ రసానికి రెండు మూడు కాయలు పడతాయి. అన్ని కాయలు ఒక్కసారి కూర్చుని తింటామా? తాగితే నిమిషంలో లోపలికి పోతాయి, ఆ తీపి అంతా ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా రసం కన్నా పండు తినడమే మేలని ఉంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు వస్తే మేము పల్చటి మజ్జిగే ఇస్తాము. చక్కెర అడిగినవాళ్లకే వేస్తాము.

మిక్సీ కొనే అక్కలకు నాలుగు మాటలు. ఐఎస్ఐ గుర్తు చూడండి, బిల్లు, గ్యారంటీ కార్డు దాచిపెట్టండి. జారు నిండా వేయొద్దు, ఆపి ఆపి తిప్పండి. వేడెక్కి ఆగిపోతే భయపడొద్దు. ప్లగ్గు తీసి చల్లారనిచ్చి, చాలా మిక్సీలకు అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. జారులో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయాల్సిందే. మూత వాషరు రోజూ ఊడదీసి కడగండి, మురికి అక్కడే చేరుతుంది. నీళ్లు కాచి చల్లార్చినవే వాడండి, ఐసు కూడా ఆ నీళ్లదే అయ్యుండాలి. అమ్మేవాళ్లు ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మరవొద్దు.

ఏ మిషన్ కొన్నా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మన ఊళ్లో జనం ఏం తాగుతారు? కడగడానికి ఎంతసేపు పడుతుంది? సీజను అయిపోయినాక అది దేనికి పనికొస్తుంది? మా మిక్సీ ఇప్పుడు వానాకాలంలో కూడా కారంపొడి, చట్నీపొడి పడుతోంది.

చివరి మాట లీడర్లకు. గ్రూపులో ఒక్కరు వద్దన్నా ఎందుకు వద్దంటున్నారో విని, మినిట్స్ బుక్కులో రాయండి. నేను ఆ రోజు విని ఉంటే 3,200 రూపాయలు మిగిలేవి.

 బయట మా స్టాలులో మజ్జిగ పెట్టినాము, తాగి పోండి.