దారికి గల హక్కు

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతిశుభాలను వర్షింపజేయుగాక!

 

ముందుగా నాకు, ఆపై మీకు అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని ఉపదేశిస్తున్నాను. తఖ్వా మస్జిదు గడప లోపలికే పరిమితమైనది కాదు. మనం వాహనం నిలిపే చోట కూడా దానికి పరీక్ష ఉంది. నగర వీధుల్లో వాహనాలు నిలిపే నియమాలు, వాటి వెనుక ఉన్న సాటి మనుషుల హక్కులు - ఇదే నేటి ప్రసంగాంశం.

ఇది దీన్‌కు సంబంధించిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దారులపై కూర్చోవద్దని దైవప్రవక్త (స) వారించారు. మాట్లాడుకోవడానికి తమకు వేరే చోటు లేదని సహచరులు విన్నవించుకున్నారు. అట్లయితే దారికి దాని హక్కు చెల్లించమని ఆయన ఆదేశించారు. చూపులను క్రిందికి వాల్చడం, ఎవరికీ బాధ కలిగించకుండా ఉండటం, సలాముకు బదులివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం - ఇవే ఆ హక్కులని వివరించారు. దారికి ప్రాణం లేదు. అయినా దానికి హక్కు ఉంది. ఎందుకంటే, దారి హక్కు అంటే ఆ దారిన పోయేవారి హక్కే.

అబూ దావూద్ గ్రంథంలో ముఆజ్ బిన్ అనస్ జుహనీ (రజి) ఉల్లేఖించిన మరొక సంఘటన ఉంది. ఒక యుద్ధ ప్రయాణంలో ప్రజలు విడిది స్థలాలను ఇరుకు చేసి, దారిని అడ్డగించారు. అలా చేసినవారికి జిహాద్ పుణ్యం లేదని దైవప్రవక్త (స) చాటింపు వేయించారు. సోదరులారా! వారు దైవమార్గంలో ప్రాణాలకు తెగించి బయలుదేరినవారు. అంతటి సత్కార్యం కూడా దారి మూయడానికి అనుమతి కాలేకపోయింది. మరి జుమా నమాజుకు వచ్చామన్న కారణంతో పొరుగువారి గేటుకు అడ్డంగా కారు నిలిపే అనుమతి మనకు ఎక్కడిది?

మన దేశ చట్టం చెప్పేది కూడా ఇందుకు భిన్నంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం, ఇతరులకు ప్రమాదం, ఆటంకం, అనవసరమైన ఇబ్బంది కలిగే విధంగా బహిరంగ స్థలంలో వాహనాన్ని నిలిపి ఉంచరాదు. నిషేధిత స్థలంలో నిలిపిన వాహనాన్ని అక్కడి నుండి తొలగింపజేసే అధికారాన్ని 127వ సెక్షన్ పోలీసులకు ఇచ్చింది. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు మరింత స్పష్టంగా ఉన్నాయి. ఫుట్‌పాత్‌పై, పాదచారులు రోడ్డు దాటే గీతలపై, బస్టాపు దగ్గర, ఆసుపత్రి లేదా విద్యాసంస్థ ద్వారం దగ్గర, ఇతరుల ఇంటి గేటు ముందు, అప్పటికే నిలిపి ఉన్న వాహనం పక్కన మరో వరుసగా వాహనం నిలపకూడదు. ఎర్ర అంచు గల నీలి వృత్తంలో ఒక ఏటవాలు గీత ఉంటే అక్కడ పార్కింగ్ నిషిద్ధం. రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండిస్తూ ఉంటే అక్కడ ఆగడమే నిషిద్ధం.

లైసెన్సు తీసుకున్నవాడు ఈ నియమాలకు కట్టుబడతానని ఒప్పుకున్నట్లే. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా ప్రారంభమవుతుంది. పోలీసు కనబడితే ఒక తీరుగా, కనబడకపోతే మరో తీరుగా మెలగడం విశ్వాసికి తగదు.

‘పది నిమిషాలే కదా’ అంటారు కొందరు. ప్రసవ వేదనతో ఉన్న స్త్రీని, గుండెనొప్పి వచ్చిన వృద్ధుణ్ణి తీసుకువెళ్లే అంబులెన్సుకు ఆ పది నిమిషాలు ఎంత విలువైనవో ఆలోచించండి. హైదరాబాదు నగరానికి 1591లో పునాది పడినప్పుడు దాని వీధుల్లో నడిచినవి పల్లకీలు, గుర్రాలు, ఎడ్ల బండ్లు. పాతబస్తీలో నేటికీ ఎన్నో గల్లీలు ఇరుకైనవే. అక్కడ ఒక్క కారు అడ్డంగా నిలిస్తే గల్లీ మొత్తం మూసుకుపోతుంది.

‘నా ఇంటి ముందు స్థలం నాదే’ అంటారు మరికొందరు. బండరాళ్లు, పూలకుండీలు, ఇనుప గొలుసులు పెట్టి రోడ్డును సొంతం చేసుకుంటారు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఒక మనిషి సొత్తు విషయంలోనే ఇంతటి హెచ్చరిక ఉంటే, అందరి సొత్తు అయిన రోడ్డు మాటేమిటి?

సోదరులారా! ఇక అన్నిటికన్నా భయపడవలసిన విషయం వినండి. దాసుల హక్కును కాజేసినవాడు ఆ దాసుని చేత క్షమింపజేసుకోవాలని ధర్మవేత్తలు చెబుతారు. పొరుగువాణ్ణి నొప్పిస్తే తలుపు తట్టి క్షమాపణ అడగవచ్చు. కానీ మన వాహనం వల్ల ఆగిపోయిన బాటసారి ఎవరు? ఫుట్‌పాత్ దిగి లారీల మధ్య నడవవలసి వచ్చిన అంధుడు ఎవరు? వారి పేరు తెలియదు, ఊరు తెలియదు. వారిని ఎక్కడ వెతికి క్షమాపణ కోరగలం? నమాజులు, ఉపవాసాలు వెంట తెచ్చుకుని కూడా, ఇతరుల హక్కులు చెల్లించడంలో తన పుణ్యాలన్నీ కోల్పోయేవాడే అసలైన దివాలాకోరు అని దైవప్రవక్త (స) బోధించారు. ఏ నమాజు కోసం పరుగెత్తి వచ్చామో, ఆ నమాజు పుణ్యమే మస్జిదు బయట మనం అడ్డగించిన మనిషికి వెళ్లిపోతే మనకు మిగిలేదేమిటి?

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. జుమాకు పెందలాడే రండి. ముందు వచ్చినవారికి పుణ్యమూ అధికం, వాహనానికి సరైన చోటూ దొరుకుతుంది. దగ్గరలో చోటు లేకపోతే దూరంగా నిలిపి నడిచి రండి. బనూ సలిమా తెగవారు మస్జిదుకు దగ్గరగా నివాసం మార్చుకోదలచినప్పుడు, వారి అడుగులన్నీ నమోదవుతున్నాయని చెప్పి దైవప్రవక్త (స) వారిని ఉన్నచోటనే ఉండమన్నారు. దగ్గరి వీధులవారు వాహనాన్ని ఇంటి వద్దనే విడిచి రండి. వాహనం అద్దం దగ్గర మీ ఫోన్ నంబరు కనబడేలా ఉంచండి. యువకులు నలుగురు వంతులవారీగా మస్జిదు బయట నిలబడి దారి తెరిచి ఉండేలా చూడండి. దారి నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటి. అలాంటప్పుడు ఆ వస్తువును మనమే తెచ్చి దారిలో పెట్టడం ఎంత శోచనీయం!

ఓ అల్లాహ్! మా వల్ల ఎవరి దారీ మూతపడకుండా కాపాడు. మాకు తెలియని నీ దాసుల హక్కులను కూడా కాపాడే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. స్వర్గానికి వెళ్లే దారిని మాకు సుగమం చెయ్యి. ఆమీన్.